ఉదయగిరికి, భైరవకోనకు రెండు బస్సులు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి రాస్తున్నాను. మా ప్రాంతానికి కొత్త విగ్రహం కావాలనో, రిసార్టు కావాలనో, కొండ మీదికి రోప్‌వే కావాలనో అడగడం లేదు. శని, ఆదివారాల్లో రెండు బస్సులు అడుగుతున్నాను. ఉదయగిరి నుంచి సీతారామపురం, ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన, చంద్రశేఖరపురం, పామూరు మీదుగా తిరిగి ఉదయగిరి చేరే చుట్టు బస్సులు. ఉదయం ఒకసారి టికెట్ కొంటే ఆ రోజంతా చెల్లాలి. ప్రయాణికుడు కావలసిన చోట దిగి, తీరుబడిగా చూసుకుని, వెనక వచ్చే బస్సు ఎక్కి ముందుకు సాగాలి. పెద్ద నగరాల్లో హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సులంటారు వీటినే. 2010 కామన్వెల్త్ క్రీడల సమయంలో ఢిల్లీలో ప్రవేశపెట్టారు. రోమ్‌లో కొలోసియం చూడటానికి వచ్చినవాళ్ళు ఇలాంటి బస్సుల్లోనే తిరుగుతారు.

ఉదయగిరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఈ లేఖ చేరే అధికారులందరికీ తెలియాలని కొంత రాస్తున్నాను. ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. 1513లో మొదలైన ముట్టడి 1514లో గానీ ముగియలేదు. సైన్యం కొండెక్కడానికి బండలు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. గెలిచిన తరువాత రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తన రాజధానికి తీసుకువెళ్ళాడు. ఆ స్వామి కోసమే హంపిలో కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. హంపి గుడి చూడటానికి దేశదేశాల వాళ్ళు వస్తారు. ఎగ్మూరుకూ వస్తారు. స్వామి బయలుదేరిన ఊరికి మాత్రం ఎవరూ రారు.

కొండ మీద 8, కింద 5, మొత్తం 13 దుర్గాలుండేవని పాత గెజిటీర్లు చెబుతున్నాయి. 3,000 అడుగులు దాటిన ఎత్తులో ప్రాకారాలు శిఖరం నుంచి శిఖరానికి పాకుతూ పోతాయి. రాజభవనాల శిథిలాలు, మసీదులు, దేవుడు లేని గుళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి. గజపతులు, రాయలు, గోల్కొండ నవాబులు ఒకరి తరువాత ఒకరు ఏలిన చరిత్ర అంతా ఒక్క కొండ మీద చదువుకోవచ్చు. పైకి ఎక్కి దిగడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట గడిచాక ఏ బస్సు ఎక్కాలి, ఎటు పోవాలి అన్నదే మనిషిని ఆపేస్తున్నది.

శివుడి గుహాలయాలున్న భైరవకోన ఇక్కడికి దూరం కాదు. సొంత కారు ఉన్నవాళ్ళకు ఒక రోజులో రెండూ సరిపోతాయి. బస్సు మీద ఆధారపడినవాళ్ళు ఏదో ఒకటి వదులుకోవాలి. సాధారణంగా రెండూ వదులుకుంటారు.

పోయిన చలికాలంలో భైరవకోనలో ఒక తల్లిని, డిగ్రీ చదివే ఆమె కూతుర్ని చూశాను. ఒకే కొండ చరియలో ఎనిమిది శివాలయాలను తొలిచిన చోటు అది. స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు, గుమ్మానికి రెండు వైపులా గద మీద చెయ్యి ఆనించి నిలుచున్న ద్వారపాలకులు, రాతిని తొలిచిన ఉలి గాట్లు, అన్నీ చేతికందేంత దగ్గరలో ఉంటాయి. ఆ అమ్మాయి చెప్పులు విప్పి ఒక గుహ ముందు కూర్చుని నోటుపుస్తకంలో సింహం బొమ్మ గీస్తున్నది. జూలు ఉంగరాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుని మరీ గీస్తున్నది. కింద ఆటో హారను మోగుతూనే ఉంది. చివరకు ఆటో అబ్బాయే పైకి వచ్చి, "అమ్మా, చీకటి పడితే సీతారామపురంలో బస్సు దొరకదు, బయలుదేరండి" అన్నాడు. అతను చెప్పింది నిజమే. అమ్మాయి పుస్తకం మూసి లేచింది. ముందుకాళ్ళు గీయనే లేదు. మన రాష్ట్రంలో ఒక విద్యార్థి గుహాలయం ముందు కూర్చుని బొమ్మ గీసుకోవడానికి కావలసిన వ్యవధిని ఒక్క బస్సు ఇవ్వగలదు, మంత్రి గారూ.

ఈ పద్ధతి నగరాలకే నడుస్తుందని, మెట్ట రోడ్లకు పనికిరాదని మీ శాఖలో ఎవరైనా అనవచ్చు. ఇంగ్లండ్ ఉత్తరాన రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన సరిహద్దు గోడ ఉంది. గొర్రెల మేత బీళ్ళ మధ్య, పెద్ద ఊరు లేని చోట, కోటల శిథిలాల వెంబడి అక్కడ బస్సు నడుపుతున్నారు. హౌస్‌స్టెడ్స్ కోట దగ్గర దిగి, గోడ వెంట కొంత దూరం నడిచి, మరో చోట మళ్ళీ అదే సర్వీసు ఎక్కవచ్చు. రోమన్ సైనికులు పలుచని చెక్క ముక్కల మీద రాసుకున్న ఉత్తరాలు దొరికిన విండోలాండా కూడా ఆ దారిలోదే. గోడ పని మొదలైన సంవత్సరాన్నే బస్సు నంబరుగా పెట్టుకున్నారు: ఏడీ 122. మా బస్సుకు 1514 అని నంబరు వేయించండి. కండక్టరును ఆ నంబరు ఏమిటని అడిగిన ప్రతి పిల్లవాడికీ ఉదయగిరి కథ తెలుస్తుంది.

ఇందులో ఆర్టీసీకి కొత్త ఏదీ లేదు. కార్తీకమాసంలో పంచారామాలకు, పౌర్ణమి రోజుల్లో అరుణాచలం గిరి ప్రదక్షిణకు ప్రత్యేక బస్సులు నడిపే సంస్థ అది. అయితే ఆ యాత్రలో అందరూ కలిసి దిగాలి, అందరూ కలిసి ఎక్కాలి. గుడికి అది సరిపోతుంది. కోటకు సరిపోదు. ఒకరు అరగంటలో చూసి వచ్చేస్తారు, మరొకరికి శాసనం ముందే గంట గడిచిపోతుంది. అందుకే చుట్టు బస్సు అడుగుతున్నాను. ఉదయగిరిలో డిపో ఉంది. కొనవలసిన కొత్త బండి లేదు. రవాణా శాఖ మంత్రి గారితో మీరు ఒకసారి కూర్చుంటే తేలే విషయం.

మరో అడ్డంకి గురించి నిజం చెప్పాలి. ఉదయగిరి ఒక జిల్లాలో, భైరవకోన ఉమ్మడి ప్రకాశం వైపు ఉన్నాయి. నెల్లూరు కరపత్రంలో భైరవకోన ఉండదు, ఒంగోలు కరపత్రంలో ఉదయగిరి ఉండదు. ఏ జిల్లా ప్రణాళిక వేసినా సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. రాష్ట్ర స్థాయిలో ఉన్న మీరు తప్ప ఈ రెండింటినీ ఒక దారిలో కలపగలవారు లేరు.

నడిపే తీరు గురించి నాకు తోచినది రాస్తాను. ఒక బస్సు తెల్లవారుజామున ఉదయగిరి నుంచి, రెండోది అదే సమయానికి పామూరు నుంచి బయలుదేరి ఒకే దిశలో తిరగాలి. అప్పుడు ఒంగోలు, కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళు పామూరులో, నెల్లూరు, కావలి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఉదయగిరిలో ఎక్కుతారు. భైరవకోనలో గుహలు చాలావరకు తూర్పు ముఖంగా ఉన్నాయి. పొద్దుటి ఎండ లోపలికి పడే వేళకు మొదటి బస్సు అక్కడ ఉంటే శిల్పం కళ్ళకు కడుతుంది, మధ్యాహ్నానికి ఆ వెలుగు ఉండదు. ఏసీ బస్సు వద్దు. పల్లెవెలుగు చాలు. ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం ఇస్తూ 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఈ బస్సుకూ వర్తిస్తే మా ఊళ్ళ ఆడవాళ్ళు తమ ఊరి కోటను తామే మొదట చూస్తారు. వేసవిలో నడపవద్దు. ఆ ఎండలో కొండెక్కడం ప్రమాదం. కార్తీకం నుంచి శివరాత్రి దాకా నడిపితే మేలు.

అన్నిటికన్నా ముఖ్యం చివరి బస్సు. మిగతా సర్వీసులు పావుగంట అటూ ఇటూ అయినా సర్దుకుంటాం. చివరిది రద్దయితే కుటుంబాలు అడవిలో చిక్కుకుపోతాయి. ఒక్కసారి అలా జరిగిందని తెలిస్తే మరెవరూ రారు, ప్రయాణికులు లేరని బస్సు తీసేస్తారు. ప్రతి ఆగేచోట చివరి బస్సు వేళ, కంట్రోలర్ ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. ఎంతమంది ఎక్కారు, ఎంతమంది ఇంకా వెనక ఉన్నారు అన్న లెక్క కండక్టరు దగ్గర ఉండాలి. కొండ కింద తాగునీరు, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు ఉండాలి. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని చెక్కే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. బస్సు ఆగే చోట వాళ్ళకు ఒక బల్ల వేసుకునే చోటిస్తే మధ్యలో వ్యాపారి అక్కరలేదు.

జనం తిరగని శిథిలాల గతి ఏమవుతుందో మనకు తెలుసు. ప్రకాశం వైపు, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి సున్నపురాతి శిల్పం ఒకటి దొంగల చేతుల్లో పడి సముద్రాలు దాటింది. ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దాన్ని 2005లో కొన్నది. బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న భక్తుల శిల్పం అది, మూడో శతాబ్దం నాటిది. చందవరంలోదేనని రుజువయ్యాక 2016లో భారతదేశానికి తిరిగి అప్పగించారు. అది తిరిగి వచ్చింది. ఎన్ని రాలేదో! మా మెట్ట కొండల మీద గుప్తనిధుల కోసం తవ్విన గోతులు మీరు వస్తే చూపిస్తాం. కాపలాదారును పెట్టడం మంచిదే. వారానికి రెండు రోజులు పిల్లలు, ఉపాధ్యాయులు, కుటుంబాలు తిరిగే కొండ మీద గడ్డపార పట్టుకుని ఎవడూ ధైర్యంగా నిలబడలేడు.

ఈ చుట్టు నిలదొక్కుకుంటే ఒంగోలు నుంచి చందవరం, త్రిపురాంతకం, కంభం చెరువు కలిపే రెండో చుట్టు గురించి ఆలోచించవచ్చు. ముందు ఇది.

వచ్చే కార్తీకంలో నాలుగు వారాలు ప్రయోగంగా నడిపించండి. నష్టం వస్తే ఆ మొత్తాన్ని మీ శాఖ ప్రచార పద్దు నుంచి ఆర్టీసీకి చెల్లించండి, అది బస్సుల పద్దు మీద పడితే ఐదో వారం సర్వీసు ఉండదు. కోట దారి తెలిసిన కుర్రవాళ్ళు మా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళకు చరిత్ర పాఠాలు చెప్పే పని ఏ జీతం లేకుండా నేను చేస్తాను. మీ కార్యాలయం తేదీ చెబితే ఆర్టీసీ, పురావస్తు, అటవీ శాఖల వాళ్ళను వెంటబెట్టుకుని ఈ దారి మొత్తం ఒకసారి బస్సులోనే తిరిగి, ఎక్కడెక్కడ ఆగాలో గుర్తు పెట్టుకుందాం.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంత విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు