ఇల్లెందు పాత రైల్వేస్టేషన్ చరిత్ర పని: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన వారికీ, ఇవ్వకపోయినా లెక్క అడుగుతున్న వారికీ నమస్కారం. అడగడం మంచిదే, అందుకే ఇది రాస్తున్నాం.

మన ఊరి ప్యాసింజరు స్టేషన్ చరిత్రను పుస్తకంగా, ఫొటో ప్రదర్శనగా తేవడానికి మొత్తం జమ అయింది రూ.2,33,940. ఖర్చు రూ.2,05,120. నిల్వ రూ.28,820. అందులో బ్యాంకులో 27,900, చేతిలో 920 ఉన్నాయి.

జమలో పెద్ద వాటా రిటైరైన సింగరేణి కార్మికులది, ఊళ్లో మిగతా వారిది. రసీదు పుస్తకాల మీద వచ్చింది 1,12,500. బయట ఊళ్లలో స్థిరపడిన మన పిల్లలు ఫోన్‌పేలో పంపింది 68,300. బజారు దుకాణాల వాళ్లు ఇచ్చింది 21,000. పుస్తకాలు వంద చొప్పున 310 కాపీలు అమ్ముడై 31,000 వచ్చింది. బ్యాంకు వడ్డీ 1,140.

ఇక ఖర్చు. ఎక్కువ మంది వేలెత్తి చూపింది రూ.26,750 పద్దు. హైదరాబాద్ ప్రయాణాలు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పాత కాగితాల నకళ్లు, వాటి అనువాదం అందులోకి వస్తాయి. 'బొగ్గుట్ట సంగతి బొగ్గుట్ట వాళ్లకు తెలియదా, అంత దూరం పోవాలా?' అన్నారు. బొగ్గుట్ట అంటే మన ఊరి పాత పేరే. తెలిసింది కొంతే. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడ బొగ్గు జాడ కనిపెట్టాడని అందరం చెప్పుకుంటాం. 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు దక్కిన తీరు మాత్రం మనలో చాలామంది వినలేదు. హక్కులు పొందిన వాళ్లు తమకు తామే వాటాలు రాసుకున్నారు. నిజాం సర్కారులో పెద్ద అధికారి అబ్దుల్ హక్ ఆ బేరంలో గుట్టుగా లాభపడ్డాడు. వాటాలు కొన్న నిజాం సర్కారు మోసపోయింది. 1888లో లండన్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది, అతని ఉద్యోగం పోయింది. మన ఊరి బొగ్గు లెక్క మొదటి రోజే తేడా కొట్టిందన్నమాట! పుస్తకంలో జనం ఎక్కువగా మాట్లాడుకున్న అధ్యాయం అదే. ఆ పద్దు దండగ కాదని మా అభిప్రాయం.

రైలు సంగతీ అంతే. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా ఇక్కడికి లైను వేసింది మనుషుల కోసం కాదు, బొగ్గు కోసం. వేసిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పెట్టుబడికి ఏటా అయిదు శాతం రాబడి ఇస్తామని సర్కారు హామీ పడింది. నష్టమొస్తే కట్టాల్సింది ఖజానా, అంటే రైతు కట్టిన శిస్తు. 1889లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది, డోర్నకల్ మీదుగా పోయే ప్రధాన లైను బెజవాడ చేరిందీ ఆ ఏడే. తర్వాత వచ్చిన సింగరేణి కంపెనీ పేరు మాత్రం కారేపల్లి పక్కనున్న సింగరేణి ఊరిది. తర్వాత కారేపల్లి నుంచి కొత్తగూడెం వైపు మరో లైను పోయింది, కంపెనీ కేంద్రం కూడా అటే పోయింది. మనది కొస లైనుగా మిగిలింది. బస్సులు పెరిగాక ప్యాసింజరు బండి ఆగిపోయింది. బొగ్గు వ్యాగన్లకు ఆ ఇబ్బంది రాలేదు.

పాత ఫొటోల స్కానింగ్, పెద్ద ప్రింట్లు, ఫ్లెక్సీలకు 38,400. పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసిన కుర్రాళ్లకు 18,000. డీటీపీతో కలిపి 500 కాపీల అచ్చుకు 61,500. అమ్మినవి పోగా బడులకు, గ్రంథాలయాలకు 60 కాపీలు, చందాదారులకు 85 కాపీలు ఉచితంగా ఇచ్చాం. 45 మిగిలాయి.

ప్రదర్శన రోజు ఖర్చు 32,600. షామియానా, కుర్చీలు 14,500, మైకు 4,000, ఉప్మా, బోండా, టీ 14,100. టిఫిన్ ఎక్కువైందన్నారు. వచ్చిన వాళ్లలో సగం మంది డెబ్బై దాటినవాళ్లు, కొందరు కొత్తగూడెం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు, వాళ్లను ఖాళీ కడుపుతో కూర్చోబెట్టలేం. కమిటీ సభ్యుల భోజనాలు ఇందులో లేవు.

వస్తువులు కొనలేదు. ఒకాయన రైల్వే లాంతరు తెచ్చి ధర చెప్పాడు. అది రైల్వే ఆస్తి కావచ్చు, రేపు మనకే టెన్షన్ అని వద్దన్నాం. ఒక పెద్దమ్మ రుమాలు మూట విప్పి, చిన్న అట్టముక్క టికెట్టు చూపించింది. ఒక అంచున పంచ్ చేసిన గంటు, మధ్యలో చెమటకు అలుక్కుపోయిన అంకెలు. ఆమె పెళ్లయి అత్తారింటికి వచ్చిన టికెట్టట. స్కాన్ చేసుకుని ఆమె చేతిలోనే పెట్టాం. ఖర్చు సున్నా.

స్టేషన్ ఆవరణ శుభ్రం చేసి, పేరు బోర్డుకు రంగు వేయించమని ఒక దాత ప్రత్యేకంగా 25,000 ఇచ్చారు. రైల్వే స్థలంలో అనుమతి లేకుండా బ్రష్ ముట్టుకున్నా కేసే. దరఖాస్తులు పెట్టాం, రిమైండర్లు పంపాం, సంబంధిత ఆఫీసు నుంచి జవాబు లేదు. స్టాంపులు, జిరాక్సులు, రిజిస్టర్డ్ పోస్టు కలిపి 2,870 మాత్రం అయింది. దాత సొమ్ము వేరే పద్దుకు మళ్లించకుండా చెక్కు రూపంలో వాపసు చేశాం. పైన చెప్పిన జమలోనూ, ఖర్చులోనూ ఆ 25,000 ఉంది.

మిగిలిన 28,820తో, ప్యాసింజరు రైలు మళ్లీ నడపాలని అడగడానికి ఢిల్లీ పోదామని కొందరు సభ్యులన్నారు. రైలు కావాలని మాకూ ఉంది. కానీ రసీదు మీద 'చరిత్ర పని కోసం' అని అచ్చేశాం. దాన్ని ప్రయాణ ఖర్చులకు వాడితే ఇంకోసారి రసీదు పుస్తకం పట్టుకుని ఎవరింటికీ పోలేం. రైలు కోసం వేరే చందా ఎత్తండి, మొదటి రసీదు మేమే తీసుకుంటాం. ఈ సొమ్ము పుస్తకం రెండో ముద్రణకే.

బిల్లులు, రసీదుల నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి చూడొచ్చు. అభ్యంతరం ఉంటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి.