గ్లూకోజు పొడి లేదని వెనక్కి పంపకండి

చిత్తూరు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి నమస్కారం.

మా చెల్లెలు మూడో నెలలోనే ఆసుపత్రిలో పేరు రాయించుకుంది. బరువు, బీపీ చూశారు. షుగర్ పరీక్ష మాత్రం ఏడో నెలలో చేశారు. అంతవరకూ గ్లూకోజు పొడి లేదట! 75 గ్రాముల పొడి, గ్లాసుడు నీళ్లు, రెండు గంటలు బెంచీ మీద కూర్చోవడం. అంతే కదండీ? 140 దాటకూడదు, తనకు 190 వచ్చింది.

తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ తయారై, గుండె గదుల మధ్య గోడ మందమవుతుంది. మా మేనకోడలికి జరిగింది ఇదే. కొన్ని నెలల్లో సర్దుకుంటుందన్నారు, తగ్గుతోంది కూడా.

గర్భానికి ముందునుంచే షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఎనిమిదో వారానికల్లా బిడ్డ గుండె దాదాపు రూపుకడుతుంది. అప్పుడు షుగర్ అదుపులో లేకపోతే గుండెలో రంధ్రాల్లాంటి లోపాల ముప్పు పెరుగుతుంది. తిరుపతిలో 2021 నుంచి పిల్లల గుండె ఆసుపత్రి, పద్మావతి హృదయాలయం ఉంది, సంతోషమే. కానీ బిడ్డ పుట్టాక పరుగెత్తడం కాదు కదా కావాల్సింది.

మొదటిసారి వచ్చిన రోజే ఈ పరీక్ష చేయించండి, 24–28 వారాల మధ్య మళ్లీ. ముందే షుగర్ ఉన్నవాళ్లకు అయిదో నెలలో బిడ్డ గుండె స్కానింగ్ రాయించండి. ప్రతి నెలా 9న ఉచిత పరీక్షలకు గర్భిణులు ఎలాగూ వస్తారు. ఆ రోజుకైనా పొడి ఉండేలా చూడండి.

ఇట్లు,
పలమనేరు నుంచి ఒక అన్న