ఆదివారం ఆటల ప్రాక్టీస్

మేధో వైకల్యం ఉన్న పిల్లల అమ్మానాన్నలందరికీ నమస్తే. ఈ ఆదివారం ఉదయం 6:30కి బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియం గేటు దగ్గర కలుద్దాం. పరుగు, బోచీ (గురి బంతికి దగ్గరగా బంతులు దొర్లించే ఆట) ఆడిద్దాం.

"మావాడికి పాతికేళ్లొచ్చాయి, ఇప్పుడేం ఆటలండీ" అనకండి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసమే జరిగే స్పెషల్ ఒలింపిక్స్ పోటీలకు 8 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దే లేదు. వయసు, సామర్థ్యం చూసి ఇంచుమించు సమానంగా ఆడేవాళ్లనే ఒకరితో ఒకరిని పోటీకి దించుతారు. కాబట్టి టెన్షన్ వద్దు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది, అందుకే వాళ్లను మాత్రం ముందుగా డాక్టర్‌కి మెడ చూపించి, ఆయన సరేనన్నాకే తీసుకురండి.

యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) జిరాక్స్, నీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లూ రావచ్చు, యూనిఫైడ్ జట్లలో (మేధో వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి ఉండే జట్లు) వాళ్లూ కలిసి ఆడతారు. బెజవాడ ఎండ సంగతి తెలిసిందేగా, 8 గంటలకల్లా ముగిస్తాం.

వచ్చేవాళ్లు పేరు, వయసు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి.