కౌంటరు దగ్గర కూర్చునేవారి కోసం

మారతహళ్లి, బెంగళూరు.

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

చెన్నై వేళచ్చేరిలో అంగడికి అడ్వాన్సు ఇచ్చి, కౌంటరు చూసుకోవడానికి ఒక కుర్రవాణ్ణి కూడా కుదుర్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. పచ్చళ్ల సంగతి, పొడుల సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. చెప్పవలసింది మోసగాళ్ల సంగతి. ఫోనులో మొదలుపెడితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు గనుక కాగితం మీద పెడుతున్నాను.

మొదటి మోసం అంగడి తెరవకముందే ఎదురవుతుంది. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. అయినా ప్రభుత్వ వెబ్‌సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు అదే పనికి వేలు గుంజుతాయి. చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని లేకపోతే అక్కడ ఆధార్ నంబరు కొట్టకు.

కౌంటరు దగ్గరి మోసం వేరు. శనివారం సాయంత్రం ఒక చేత్తో ఆవకాయ తూస్తూ, ఇంకో మనిషికి చిల్లర లెక్కపెడుతూ ఉండగా ఎవరో ఫోను ముందుకు చాచి, ఆకుపచ్చ టిక్కు, మన అంగడి పేరు, 840 రూపాయల అంకె, అన్నీ చూపించి సంచీతో దిగిపోతాడు. అచ్చు గుద్దినట్టు ఆ తెరను తయారుచేసి చూపే నకిలీ యాప్‌లు ఉన్నాయి. కాబట్టి అవతలివాడి ఫోనులో కనిపించినదానికి విలువ లేదు. మన సౌండ్ బాక్సు పలకాలి, అది పలకకపోతే మన ఫోనులో జమ కనిపించాలి, అంతవరకూ సంచీ మన చేతిలోనే ఉండాలి. క్యూఆర్ స్టిక్కరు మీద రాత్రికి రాత్రి ఇంకొకటి అంటించిపోయేవాళ్లూ ఉంటారు గనుక, రోజూ బోణీకి ముందు నీ ఫోనుతో స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూసుకో.

పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు సంతోషంలో ఒళ్లు మరిచిపోకూడదు. సైన్యంలో అధికారినంటూ, యూనిట్‌కు యాభై కిలోల పచ్చళ్లు కావాలంటూ ఫోను వస్తుంది. గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపి, చెప్పిన ధరకల్లా ఒప్పుకుంటాడు. యాభై కిలోలు కొంటూ కిలోకు పది రూపాయలైనా తగ్గించమనని మనిషిని నేను ఇన్నేళ్లలో చూడలేదు, అనుమానించడానికి ఆ ఒక్క లక్షణం చాలు. ఆ తరువాత అడ్వాన్సు పంపుతున్నానని ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ కొట్టామంటే పోయేది మన డబ్బే.

అలాగే, పొరపాటున మీ ఖాతాకు ఐదు వేలు పంపాను, నగదు ఇచ్చేయండి అని ఎవరైనా వస్తే ఇవ్వకు, నీ బ్యాంకుకు తెలియజేసి, వాళ్ల బ్యాంకు ద్వారా అడగమను. ఆ సొమ్ము ఎక్కడో మోసపోయినవాళ్లదైతే, దర్యాప్తులో అది చేరిన ఖాతాలన్నింటినీ స్తంభింపజేయవచ్చు. అప్పుడు తప్పేమీ లేని చిన్న అంగడివాడు సరుకుకు డబ్బు కట్టలేక తిరగవలసి వస్తుంది. అందుకే అంగడి ఖాతానూ, నీ పొదుపు ఖాతానూ వేరుగా ఉంచు, ప్రతి అమ్మకానికీ బిల్లు ఉంచుకో.

2025 జూలైలో ఇక్కడ యూపీఐ జమలను చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు, చాలా అంగళ్లలో "నగదు మాత్రమే" అని కాగితాలు వెలిశాయి. నాకు ఆ ఉపాయం నచ్చలేదు, లెక్క సరిగా ఉన్నవాడు లెక్క చూపిస్తే సరిపోతుంది. అయితే అలాంటి భయం నకిలీ అధికారులకు పంట. వీడియో కాల్‌లో పోలీసు బట్టలతో కనిపించి "డిజిటల్ అరెస్టు" అని ఎవరన్నా బెదిరిస్తే, మన చట్టాల్లో అలాంటి అరెస్టే లేదు, కాల్ కట్ చెయ్యి.

ఇన్నీ తెలిసినా ఏదో ఒకనాడు ఏదో ఒకటి జరగవచ్చు. అప్పుడు ముఖ్యం గడియారం. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోను చేస్తే, ఆ సొమ్ము దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే బ్యాంకులు నిలిపే ఏర్పాటు ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు కూడా ఆలస్యం మీదే లెక్క కట్టింది: మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయి, ఆ సంగతి బ్యాంకు నుంచి మనకు అందిన మూడు పనిదినాలలోపు మనం బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే నష్టం మనమీద పడదు, ఏడు వరకు కొంతమేర పడుతుంది. మన అజాగ్రత్త వల్ల, అంటే పిన్ లేదా ఓటీపీ మనమే చెప్పడం వల్ల పోతే, ఫిర్యాదు చేసేదాకా పోయినది మనది, చేశాక పోయినది బ్యాంకుది అని ఆ ఉత్తర్వు చెప్పింది.

ఇందుకే ఆ కుర్రవాడి గురించి ఒక మాట. పోయిన సొమ్మును జీతంలో కోసే యజమానులు మన వీధిలోనే ఉన్నారు. కోస్తే మరుసటిసారి వాడు రెండు రోజులు దాచిపెట్టి, మూడోనాడు ఏడుస్తూ చెబుతాడు. ఆ రెండు రోజుల్లో పోయేది ఆ 840 కంటే చాలా ఎక్కువ. మోసపోయాననిపించిన క్షణాన, ఎంత గిరాకీ ఉన్నా, అర్ధరాత్రి అయినా నీకు చెప్పవచ్చని, తిట్టవనీ చేరిన రోజే చెప్పు, చెప్పినట్టే నడుచుకో.

మన పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ పేజీ పెట్టి ఆర్డర్లు తీసుకునేవాళ్లు బయలుదేరితే, డబ్బు పోగొట్టుకున్న కొనుగోలుదారు నీ గుమ్మానికే వస్తాడు. బోర్డు మీదా, ప్రతి సీసా మీదా మన ఫోను నంబరు అచ్చు వేయించు. వచ్చినవాళ్లతో వాదించకుండా 1930కి, సైబర్ క్రైమ్ పోర్టల్‌కు ఫిర్యాదు చేయడంలో సాయపడు, ఆ పేజీ మీద నువ్వూ ఒక ఫిర్యాదు పెట్టు.

లేబుళ్ల నమూనా అచ్చుకు ఇచ్చేముందు నాకొకసారి పంపించు. కందిపొడి, కారప్పొడి డబ్బాలు శుక్రవారం బస్సులో వేస్తాను.

ఇట్లు,
మీ నాన్న