ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి, గుంటూరు నుంచి ఒక హాస్టల్ ఆంటీ రాసుకునే లేఖ

అయ్యా, నమస్కారం.

ఇది నేను పెట్టుకుంటున్న నాలుగో అర్జీ. ముందు మూడూ సోమవారాలు కలెక్టరేట్‌కి వెళ్ళి, టోకెన్ తీసుకుని, ఒకసారైతే మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చుని ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చినవే. మూడింటికీ ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో నాకైతే తెలియదు. రెండోసారి వెళ్ళినప్పుడు కాగితాలు తీసుకునే ఆయన నా అర్జీ అటూ ఇటూ తిప్పి, "ఏంటమ్మా ఇది, స్థలం గొడవా, పింఛనా?" అన్నారు. రెండూ కాదండీ, కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు చదువు మానేసి వెళ్ళిపోతున్నారు అన్నాను. "మీ పిల్లలా?" కాదన్నాను. ఇక ఆయనేమీ మాట్లాడలేదు, స్టాంపు వేసి పక్కన పడేశారు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

బ్రాడీపేటలో పధ్నాలుగేళ్ళుగా లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. డిగ్రీ పిల్లలు సగం, ఇంజినీరింగ్ పిల్లలు సగం. ఎక్కువమంది మాచర్ల, వినుకొండ, దుర్గి, రెంటచింతల వైపు వాళ్ళు. చాలాసార్లు ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే అయ్యుంటుంది. మంచాలు నిండక ఈవిడ ఏడుస్తోందని మీ పక్కనున్నవాళ్ళెవరైనా అంటారేమో. అదీ ఉందనుకోండి, నేనేమీ ధర్మసత్రం నడపడం లేదు. కానీ ఖాళీ అయిన మంచం నెల తిరక్కుండా నిండుతుంది, బ్యాంకు కోచింగ్ పిల్లలో, నర్సింగ్ పిల్లలో ఎవరో ఒకరు వస్తారు. వెళ్ళిపోయిన పిల్ల సీటే కాలేజీలో మూడేళ్ళూ ఖాళీగా పడి ఉంటుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి నేను రాయను. ఆ సంగతి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరూ చదువుతూనే ఉంటారు. నేను చెప్పేది డబ్బుతో పెద్దగా పని లేనిది, బహుశా అందుకే ఎవరికీ పట్టడం లేదు. ఫీజు మీరే కడతామంటారు, సీటు ఉంటుంది, నా దగ్గర మంచం ఉంటుంది, తిండి ఉంటుంది, అయినా పిల్ల వెళ్ళిపోతుంది. కొందరు దీపావళికి, కొందరు సంక్రాంతికి. సంక్రాంతికి వెళ్ళినవాళ్ళయితే ఇక రానే రారు, ఎందుకంటే అప్పటికి మిరపకోతలు వచ్చి ఉంటాయి, పిల్ల ఇంట్లో ఉంటే ఒక కూలి మిగులుతుంది.

ఎవరు వెళ్ళిపోతారో కాలేజీ కంటే ముందు నాకు తెలుస్తుంది. మార్కులు చూసి కాదు. మొదట కంచంలో అన్నం మిగులుతుంది. తర్వాత డాబా మీద ఫోను ఎక్కువవుతుంది, గంట, గంటన్నర, అదీ అమ్మతోనే. తర్వాత శుక్రవారం మధ్యాహ్నానికే బ్యాగు సర్దుకుని బస్టాండుకి పోవడం, సోమవారం పొద్దున రావాల్సింది మంగళవారం సాయంత్రం రావడం. ఆ తర్వాత తలనొప్పి ఆంటీ, కడుపునొప్పి ఆంటీ అని రూములోనే పడుకోవడం. ఇదంతా ఆరేడు వారాల్లో అయిపోతుంది. ఈ ఆరేడు వారాల్లో కాలేజీ నుంచి నాకు గానీ, వాళ్ళ నాన్నకి గానీ ఒక్క ఫోను, ఒక్కటంటే ఒక్కటి, రాదు.

కిందటేడు వెళ్ళిపోయిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను, పేరు అక్కర్లేదు. పదో తరగతి దాకా ఊళ్ళో జిల్లా పరిషత్ బడి. ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో, పేరుకి ఇంగ్లీషు మీడియం, అర్థం చెప్పడమంతా తెలుగులోనే. పొద్దున అయిదింటికి లేపడం, స్టడీ అవర్లు, వారానికో పరీక్ష, రాత్రి పదింటికి లైట్లు ఆర్పడం. అదొక జైలు, నేనేం సమర్థించను, కానీ తిట్టడానికైనా అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఇక్కడ బీఎస్సీలో చేరింది. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్లో వస్తే డిగ్రీ క్లాసులు మొదలయ్యేసరికి సెప్టెంబరు. ఆ మధ్యలో ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆప్షన్లు, ఫేజులు, అవన్నీ మీకు తెలిసినవే. ఆ నాలుగు నెలలూ పిల్ల పొలం పనికి పోయింది, పుస్తకం ముట్టుకోలేదు. వచ్చిన రోజు నుంచి పాఠమంతా ఇంగ్లీషు. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. నేను వద్దనను, ఉద్యోగాలకి అదే కావాలని మా పిల్లలే అంటారు. కానీ ఆ మొదటి నెల ఎవరైనా చెయ్యి పట్టుకుని దాటించాలి కదండీ, వాగు దాటేటప్పుడు చిన్నపిల్లల్ని దాటించమా?

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అడిగాను, క్లాసులో స్నేహితులెవరమ్మా అని. "అందరూ ఇంటర్లో కలిసి చదివినవాళ్ళేనాంటీ, వాళ్ళూ వాళ్ళూ కూర్చుంటారు" అంది. పోనీ ఏ మేడమ్‌కైనా నీ పేరు తెలుసా అన్నాను. "రోల్ నంబరు తెలుసాంటీ" అంది, అదీ నవ్వుతూ. దీపావళికి ఊరెళ్ళింది. తిరిగి రాలేదు.

డిసెంబరులో వాళ్ళ నాన్న వచ్చాడు, పెట్టె తీసుకెళ్ళడానికి. ఏమైందయ్యా, ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగాను. "ఎవరూ ఏమీ అనలేదమ్మా. దానికి అక్కడ ఎవరూ లేరంట" అన్నాడు. ఆ మాటకి నేనేం చెప్పాలో మీరే చెప్పండి. క్లాసు నిండా పిల్లలు, అంతమంది లెక్చరర్లు, మెట్లు దిగితే నేను, ఇంతమందిమి ఉండి కూడా అది అబద్ధం కాదు. నా తప్పూ ఉంది. కంచంలో అన్నం మిగిలినప్పుడే కూర్చోబెట్టి మాట్లాడాల్సింది, సరిగ్గా ఆ నెలలోనే వంటమనిషి మానేసి నా గొడవలో నేనున్నాను.

ఇప్పుడు వినండి. ఫిబ్రవరిలో కాలేజీ నుంచి ఫోనొచ్చింది! ఎంత సంబరపడ్డానో. "మీ హాస్టల్లో ఫలానా నంబరు స్టూడెంట్ ఉంది కదా, స్కాలర్‌షిప్‌కి వేలిముద్ర పెండింగ్ ఉంది, రేపు పంపండి" అన్నాడు అవతల అబ్బాయి. పిల్ల వెళ్ళిపోయి మూడు నెలలు దాటిందండీ అన్నాను. "అవునా, మరి మాకు చెప్పలేదే" అన్నాడు. మేము చెప్పలేదట.

75 శాతం హాజరు లేకపోతే ఫీజు రాదని రూలు పెట్టారు. అంటే ఎవరు వస్తున్నారో ఎవరు రావడం లేదో ఎక్కడో ఒకచోట లెక్క పడుతూనే ఉంది. ఆ లెక్క డబ్బు ఆపడానికి పనికొస్తోంది. పిల్లని ఆపడానికి పనికి రావడం లేదు.

పోనీ రూల్స్ లేవా అంటే, అయ్యబాబోయ్, అలమారా నిండా ఉన్నాయి. మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు, వాడు చెబితే నేనే ఆశ్చర్యపోయాను. ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకి మొదటి మూడు వారాలు పాఠాల హడావిడి లేకుండా ఇండక్షన్, అంటే కొత్త చోటు అలవాటు చేయడం, పెట్టాలని, ఇరవై మందికో అధ్యాపకుణ్ణి మంచీ చెడూ కనుక్కునే మెంటార్‌గా వేయాలని ఇంజినీరింగ్ కాలేజీల్ని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పిందట. డిగ్రీ వాళ్ళకి కూడా యూనివర్సిటీల్ని చూసే యూజీసీ 2019లోనే దీక్షారంభ్ అని పేరు పెట్టి మరీ పుస్తకం వేసిందట. పేరు చాలా బాగుంది. మా హాస్టల్ ఇంజినీరింగ్ పిల్లలకి ఆ మూడు వారాలు మూడు రోజులయ్యాయి. మొదటి రోజు యాజమాన్యం ఉపన్యాసం, రెండో రోజు ప్యాకేజీల గురించి స్లైడ్లు, మూడో రోజు డీజే. డిగ్రీ పిల్లలకి తలా ఒక గులాబీ ఇచ్చి గ్రూపు ఫొటో తీశారు, ఆ ఫొటోలో మా అమ్మాయి చివరి వరసలో సగం మొహమే పడింది.

మెంటార్లు కాగితం మీద ఉన్నారు. కాలేజీలకి గ్రేడ్లు ఇచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఒక మెంటార్‌కి ఎంతమంది పిల్లలని అడుగుతారట, అందుకని రిజిస్టర్ ఉంటుంది. మా దగ్గరుండే ఒక పిల్ల చెప్పింది, ఏడాది మొత్తానికి కావలసిన సంతకాలు ఒకే మధ్యాహ్నం చేయించారని, తారీఖులు తర్వాత వేసుకుంటామన్నారని. ఆ రిజిస్టర్ ప్రకారం ఆ పిల్ల తన మెంటార్‌తో చాలాసార్లు మనసు విప్పి మాట్లాడింది. ఆ మేడమ్ ఎవరో తనకి ఇప్పటికీ తెలియదు.

2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, వందమంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్, అంటే పిల్లల మనసులో బాధ విని సాయం చేసే మనిషి, ఉండాలని. ఆ తీర్పు వచ్చిన కేసు మన రాష్ట్రానిదే, విశాఖలో చదువుకోవడానికి వచ్చి చనిపోయిన ఒక అమ్మాయిది. ఆ పిల్ల ప్రాణం పోతే వచ్చిన ఆదేశం అది. మా వీధి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న కాలేజీల పిల్లలు నా దగ్గర ఉంటున్నారు, మీ కౌన్సెలర్ ఎవరమ్మా అంటే "అంటే ఎవరాంటీ, ఎంసెట్ కౌన్సెలింగ్ వాళ్ళా?" అని అడుగుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో మాట, దీనికి నన్ను తిట్టినా సరే. ర్యాగింగ్ చట్టం 1997లో తెచ్చారు, చాలా మంచి పని, అప్పటి రోజులు నాకు తెలుసు. కానీ ఆ భయంతో కాలేజీలు సీనియర్లని జూనియర్ల దరిదాపులకి రానివ్వడం లేదు. వేరే బ్లాకు, వేరే లంచ్ టైము. ఏడిపించే సీనియర్‌తో పాటు "ఆ సారు నోట్సు ఇలా రాసుకోవే, ఫస్ట్ సెమ్‌లో అందరికీ ఇలాగే ఉంటుందిలే" అని చెప్పే అక్క కూడా పోయింది.

నేను ఆ అమ్మాయి వెళ్ళాక ఒక పని చేశాను. పెద్దదేం కాదు. జనవరి నుంచి రాత్రి భోజనాలు రూముల్లోకి పట్టుకెళ్ళడం మాన్పించి అందరినీ కింద హాల్లోనే కూర్చోమన్నాను, మొదటి ఏడాది పిల్ల పక్కన ఆ వైపు ఊరి సీనియర్ అక్క. దుర్గి పిల్లకి మాచర్ల అక్క, అలాగన్నమాట. మొదటి వారం ఎవరూ మాట్లాడుకోలేదు, ఫోన్లు చూసుకుంటూ తిన్నారు. రెండో వారం గోంగూర పచ్చడి ఎవరి ఊళ్ళో బాగా చేస్తారని గొడవపడ్డారు. ఆ తర్వాత నా అవసరం లేకుండా పోయింది. అప్పటికి సగం సర్దుకున్న బ్యాగులతో ఉన్న ఇద్దరు పిల్లలు సెమిస్టర్ పరీక్షలు రాశారు. ఒకమ్మాయికి రెండు సబ్జెక్టులు పోయాయి, అయినా ఉంది. దీనికి నాకైన ఖర్చు ఒక పాత టేబుల్, నాలుగు బెంచీలు.

2035 కల్లా సగం మంది పిల్లలు కాలేజీల్లో ఉండాలని జాతీయ విద్యా విధానంలో రాసుకున్నారు కదా. చేరినవాళ్ళ లెక్క ప్రతి ఏడూ వింటున్నాం, ఇన్ని సీట్లు నిండాయి, ఇన్ని మిగిలాయి అని. చేరి, మొదటి సంక్రాంతి దాటి ఉన్నవాళ్ళెందరో కూడా కాలేజీ వారీగా బయట పెట్టమనండి. అడుగుతున్నాను, అంతే. మీరు పెడతారని కాదు.

నాకు కావలసింది ఒక్కటే. పిల్ల వరసగా మూడు రోజులు రాకపోతే ఆ సాయంత్రం కాలేజీ నుంచి ఒక మనిషి, రికార్డు చేసిన గొంతు కాదు, మనిషి ఫోన్ చేసి ఆ పిల్లని పేరు పెట్టి పిలిచి ఏమ్మా ఎందుకు రాలేదు అని అడగాలి. ఇంటికి అడగండి, హాస్టల్‌కి అడగండి, నన్ను అడగండి. అలాగే ఆ ఇరవై మంది మెంటార్ సంగతి నిజంగా జరుగుతోందో లేదో రిజిస్టర్ చూసి కాదు, పిల్లల్ని అడిగి తెలుసుకోండి. కౌన్సెలర్‌ని వేయండి. క్లాసులు జూలైలో మొదలుపెట్టండి, ఇంగ్లీషుకి ఆ మొదటి నెల ఏదైనా చేయండి. ఒక్కటే అని చాలా అడిగేశాను, అయినా మొదటిది చేస్తే చాలు. ఫోను. పేరు పెట్టి. గెస్ట్ లెక్చరర్లకి జీతాలే సరిగా ఇవ్వని చోట వాళ్ళని ఈ పని కూడా చేయమంటే ఎలా అని మా చెల్లెలి కొడుకు అన్నాడు, అదీ నిజమే, దానికి జవాబు మీ దగ్గరే ఉండాలి, నా దగ్గర లేదు.

కొత్త బ్యాచ్ వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. వచ్చే సోమవారం మళ్ళీ కలెక్టరేట్‌కి వస్తున్నాను. ఈసారి దయచేసి పరిష్కరించబడినది అని మెసేజ్ పెట్టించకండి, ఏమీ చేయకపోతే ఏమీ చేయలేదనే పెట్టించండి, నాకు కోపం రాదు.

ఇట్లు,
బ్రాడీపేటలో లేడీస్ హాస్టల్ నడుపుకునే ఒక మనిషి,
గుంటూరు

తా.క.: ఆ అమ్మాయి బకెట్టూ చెంబూ ఇంకా మా మెట్ల కిందే ఉన్నాయి. పెట్టె పట్టుకెళ్ళి అవి మర్చిపోయారు. మొన్న వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే పంపించమంటాడేమో అనుకున్నాను. "ఉండనివ్వమ్మా, ఈ ఏడు మళ్ళీ చేరతానంటోంది, పాత సీటే ఇస్తారా, మళ్ళీ మొదటి నుంచి అప్లై చేయాలా, ఫీజు మళ్ళీ వస్తుందా?" అని అడిగాడు. కాలేజీలో అడిగితే యూనివర్సిటీని అడగమన్నారట, యూనివర్సిటీకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదట. ఎవరిని అడగాలో మీరైనా చెప్పించండి.