పేరు తెలియని మొక్కకు నిప్పు పెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాతపట్నంలో నాకు చిన్న నర్సరీ ఉంది. పక్కనే పర్లాకిమిడి కాబట్టి అటు నుంచి ఒడిశా వాళ్లు, ఇటు మెళియాపుట్టి వైపు నుంచి మనవాళ్లు మొక్కల కోసం వస్తుంటారు. ఈ మధ్య చాలామంది ఒకే రకం కొమ్మ తుంచుకొచ్చి నా ముందు పెడుతున్నారు. చెరువుగట్టు పార్కులోనూ, రోడ్డు పక్కనా వరసగా నాటిన పొద అది. "ఇది కోనోకార్పసే కదా బాబూ, దీని గాలికి ఆయాసం వస్తాదంట, కొట్టించి తగలబెట్టించేద్దామనుకుంటున్నాం" అంటున్నారు. కోనోకార్పస్ అంటే పచ్చదనం కోసం ఊళ్లలో నాటే ఒక విదేశీ చెట్టు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడం నిషేధించింది, తెలంగాణలోనూ నాటడం ఆపేశారు. ఆ వార్తలు విన్నవాళ్లు భయపడటం సహజమే. కానీ మా గట్టు మీద ఉన్నది కోనోకార్పస్ కాదు.

నాకు తెలిసినంతవరకు అది ఉత్తర ఆస్ట్రేలియాకు చెందిన తుమ్మ జాతి పొద, అకేసియా హోలోసెరిసియా. కింబర్లీ ప్రాంతం నుంచి క్వీన్స్‌లాండ్ దాకా అక్కడ సహజంగా పెరుగుతుంది. కోనోకార్పస్ ఆకు సన్నగా, పచ్చగా ఉంటుంది. దీని ఆకు జానెడు పొడవు, అరచేతి వెడల్పు ఉండి, రెండు వైపులా సన్నటి నూగుతో వెండి రంగులో మెరుస్తుంది. మొదలు నుంచి చివరికి మూడు నాలుగు ఈనెలు నిలువుగా సాగుతాయి. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూడండి, పలకలు తగులుతాయి. చలికాలంలో వేలెడంత పసుపుపచ్చ కంకులు పూస్తుంది. కాయలు మెలికలు తిరిగి గుత్తిగా అల్లుకుపోతాయి. లోపలి నల్ల గింజకు ఒక చివర పసుపు కండ ఉంటుంది. మన రోడ్ల పక్కన కనిపించే ఆస్ట్రేలియా తుమ్మ కాయ కూడా మెలికలు తిరుగుతుంది గానీ, దాని ఆకు నున్నగా, కొడవలిలా వంగి ఉంటుంది. పైగా అది పెద్ద చెట్టవుతుంది.

కొమ్మను చూసి చెప్పడం ఒక ఎత్తు. నా అనుమానం తీరింది మాత్రం గింజలు మొలిపించాకే. పెంకు గట్టిది కాబట్టి మరిగే నీళ్లు పోసి, చల్లారాక రాత్రంతా నాననిచ్చి కవర్లలో వేశాను. మొలకకు మొదట వచ్చినవి అచ్చం తుమ్మ చిగుళ్లే, చిన్న చిన్న రెక్కలుగా చీలిన ఆకులు. ఆ తర్వాత వచ్చే ఆకుల కాడలు వెడల్పవుతూ పోయాయి, వాటి కొసనున్న చిన్న రెక్కలు రాలిపోయాయి. అంటే మనం ఆకు అనుకుంటున్నది నిజానికి వెడల్పయిన కాడ. తుమ్మ జాతి అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దీన్ని నీళ్లలో నలిపితే కుంకుడు రసంలా నురగ వస్తుంది. ఆస్ట్రేలియా ఆదివాసులు చేతులు కడుక్కోవడానికి వాడేవారట.

ఒక మాట చెప్పాలి. దీనికి బాగా దగ్గర పోలిక ఉన్న అకేసియా కోలీ అనే పొదను 1992లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వేరే జాతిగా గుర్తించారు. అందుకే చివరి మాట నాది కాకూడదు. పూలు, కాయలు ఉన్న కొమ్మను కాగితాల మధ్య ఆరబెట్టి, హౌరాలో ఉన్న భారత వృక్ష సర్వేక్షణ సంస్థ హెర్బేరియానికి (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటికి) పంపితే వాళ్లు తేల్చి చెప్పగలరు. మా కాలేజీల బోటనీ మాస్టర్లు తలచుకుంటే అది పెద్ద పని కాదు.

ఇక ఆరోగ్యం సంగతి. తుమ్మ జాతుల పుప్పొడి కొందరికి పడదు, అది నిజం. ఆయాసం ఉన్నవాళ్లు పూత కాలంలో ఆ వైపు నడక మానుకోవడం మంచిది. నన్ను అంతకంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఆ నిప్పు మాట. మరిగే నీళ్లు చేసే పనే మంట కూడా చేస్తుంది. నేలలో పడి ఉన్న గింజల పెంకు వేడికి పగులుతుంది, తర్వాతి వానకు మొలకలు లేస్తాయి. కొట్టి అక్కడే తగలబెడితే ఒక పొద ఉన్నచోట గుంపు తయారవుతుంది. గింజకున్న ఆ పసుపు కండ కోసం చీమలు వాటిని లాక్కుపోతాయి కూడా. అటు మహేంద్రగిరి అడవులున్నాయి, కొండల మీద పోడు మంటలు ఏటా ఉన్నవే. ఈ గింజలు అక్కడిదాకా చేరకూడదన్నదే నా బాధ.

తీసేయాలనుకుంటే కాయలు ముదరకముందే కొట్టాలి. కాయలుంటే గోనెసంచిలోకి కోసి, తర్వాత కొమ్మలు నరకాలి. కొన్నేళ్లపాటు వానలు పడగానే మొలకలు పీకించాలి. ఉంచాలనుకుంటే కనీసం పేరు రాసిన రేకు ఒకటి పాతండి. తెలుగులో, ఒడియాలో, కింద శాస్త్రీయ నామం. ఎక్కడి మొక్కో, ఎప్పుడు నాటారో కూడా ఉండాలి. మందు షాపులో పేరు లేని సీసా కొనని మనం, పిల్లలు ఆడుకునే చోట పేరు లేని మొక్కలు ఉంటే ఎందుకు ఊరుకుంటున్నాం?

గట్టుకు పొదలే కావాలంటే మన వావిలి, బందారు, తంగేడు ఉన్నాయి. మూడింటి నారూ నా దగ్గర ఉంది. ఈ వానాకాలంలో ఏ ఊరి పెద్దలు అడిగినా గట్టుకు సరిపడా ఉచితంగా ఇస్తాను. బోర్డులకు రేకు, రంగు ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను.

– ఒక నర్సరీ రైతు,
పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా