కొత్త సీడీలు ఆపేస్తున్నాం, దుకాణం కాదు

వచ్చే నెల నుంచి మా దగ్గర కొత్త సీడీలు దొరకవు. అరల్లో ఉన్నవి అయిపోయేదాకా అమ్ముతాం, మళ్లీ తెప్పించం. కొత్త ఎల్పీలు, అంటే పెద్ద వినైల్ రికార్డులు, కూడా ముందుగా ఆర్డర్ ఇచ్చినవాళ్లకే. ఇక మా పని ఎక్కువగా పాత రికార్డులతోనే. ఈ మాట చెప్పగానే చాలామంది "మూసేస్తున్నారా?" అని కంగారుగా అడుగుతున్నారు. లేదండీ, మూయడం లేదు. ఎందుకు మారుస్తున్నామో, అందులో మీకు లాభమేమిటో, మాకు ఇబ్బందేమిటో దాచకుండా చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

మేం అమ్మింది పాటలే అయినా, సగం వ్యాపారం మా జ్ఞాపకశక్తి మీద నడిచేది. ఎవరైనా వచ్చి రెండు ముక్కలు కూనిరాగం తీస్తే అది ఏ పాటో, ఏ ఆల్బమ్‌లో ఉందో చెప్పగలగడం మాకో గొప్ప. 2002లో బ్రిటన్‌లో పాటల్ని గుర్తుపట్టే షజామ్ అనే సేవ మొదలైనప్పుడు 2580కి ఫోన్ చేసి, ఆ ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెడితే పాట పేరు మెసేజ్‌గా వచ్చేది. పాటలో ఏ క్షణాన ఏ శ్రుతిలోని ధ్వని బలంగా ఉందో గుర్తులు తీసుకుని, ఆ గుర్తుల వరసను తన దగ్గరున్న పాటలతో పోల్చి చూడటమే దాని కిటుకు. పక్కన జనం మాట్లాడుతున్నా పట్టేస్తుంది. కూనిరాగం మాత్రం దానికి అందేది కాదు, కాబట్టి ఆ ముచ్చట మాకే మిగిలింది. 2020 అక్టోబర్‌లో గూగుల్ అదీ తీసుకుపోయింది. ఓ పది, పదిహేను సెకన్లు ఈల వేస్తే చాలు, ఇదేనా మీ పాట అని జాబితా చూపిస్తుంది.

కొనే పద్ధతి అంతకంటే ముందే మారింది. దాని గురించి మా వ్యాపారంలో ఎవరూ పైకి అనని మాట ఒకటి చెబుతాను. ఒక్క మంచి పాట కోసం మీ చేత పన్నెండు పాటల సీడీ కొనిపించడం మీదే దుకాణాలు బతికాయి. ఆ పాట విడిగా దొరికే దారి లేదు కాబట్టి మీరు కొన్నారు. 1999లో నాప్‌స్టర్ వచ్చి ఒకరి కంప్యూటర్‌లో ఉన్న పాటను ఇంకొకరు ఉచితంగా తీసుకునే దారి చూపించింది. కోర్టు దెబ్బకు 2001లో అది ఆగిపోయినా, కావలసిన పాట ఒక్కటే తీసుకునే అలవాటు ఆగలేదు. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఐట్యూన్స్ స్టోర్ అదే అలవాటును చట్టబద్ధం చేసి, పాట 99 సెంట్ల చొప్పున అమ్మింది. టవర్ రికార్డ్స్ అంత పెద్ద సంస్థ కూడా 2006లో అమెరికాలో తన దుకాణాలన్నీ మూసేసింది. అప్పట్లో మా వాళ్లందరూ దొంగ డౌన్‌లోడ్లను తిట్టిపోశారు. మిగిలిన ఆ పదకొండు పాటల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు!

ఇప్పుడు కొత్త పాటల్ని పరిచయం చేసే పని కూడా ఫోన్‌దే. స్పాటిఫై 2015 జులైలో డిస్కవర్ వీక్లీ అని ఒకటి తెచ్చింది. ప్రతి సోమవారం ముప్పై పాటలు మీకోసమని ఏరి పెడుతుంది. మీరు వినే పాటలు వేరేవాళ్ల ప్లేలిస్టుల్లో ఏ పాటల పక్కన ఉన్నాయో చూసి, వాటిలో మీరింకా విననివి తీసి ఇవ్వడం దాని ప్రధాన సూత్రం. బాగుందా అంటే, బాగానే ఉంది. వారానికోసారి మా దగ్గరికి వచ్చే మనిషికి నేను చెప్పగలిగిన దానికంటే చాలామంది విషయంలో అదే మెరుగు. ఆ పోటీలో నేను లేను. అందుకే "ఈ వారం మా ఎంపిక" అని గోడకు పెట్టే బోర్డు కూడా తీసేస్తున్నాం.

కానీ అది ఇవ్వనిది ఒకటుంది. ఎల్పీ వెనక అట్ట చూడండి. పాడినవాళ్ల పేరు కింద, చిన్న అక్షరాల్లో, గిటార్ ఎవరు, డ్రమ్స్ ఎవరు, రికార్డింగ్ ఇంజినీర్ ఎవరు, ఏ స్టూడియో అన్నీ ఉంటాయి. స్ట్రీమింగ్‌లో చాలా పాటలకు ఈ వివరాలు అరకొరే. పాట నచ్చిందంటే కొన్నిసార్లు కారణం పాడినవాళ్లు కాదు, వెనక బేస్ గిటార్ వాయించినాయన. ఆయన ఇంకెవరెవరికి వాయించాడో వెతుక్కుంటూ పోతే, ఏ ప్లేలిస్టూ పక్కపక్కన పెట్టని పాటలు తగులుతాయి. మా దగ్గరికి వచ్చే ప్రతి రికార్డు వెనక అట్ట మీది పేర్లన్నీ ఇక మా జాబితాలో ఎక్కిస్తాం. వాద్యకారుడి పేరుతో, ఇంజినీర్ పేరుతో కూడా వెతుక్కోవచ్చు. ఇది నిదానంగా సాగే పని, చేత్తో టైప్ చేయాలి. ఉన్న సరుకంతా ఎక్కడానికి ఈ ఏడాది సరిపోదు.

ధరల సంగతికొద్దాం. డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్ 2000లో ఎలక్ట్రానిక్ సంగీతం రికార్డుల వివరాల కోసం మొదలై, తర్వాత అన్ని రకాలకూ పాకి, అమ్మకాల వేదిక కూడా అయింది. ఏ రికార్డు ఈ మధ్య ఎంతకు అమ్ముడైందో ఎవరైనా చూసుకోవచ్చు. ఒకప్పుడు పాత రికార్డుకు మేం చెప్పిందే ధర. ఇప్పుడు ఫోన్ తీసి "ఇక్కడ సగానికే ఉందండీ" అంటారు. అనండి, తప్పేం లేదు. కాకపోతే అక్కడ కనిపించే ధర ఏ ముద్రణకో, ఏ స్థితిలో ఉన్నదానికో చూడండి. ఒకే అట్టతో వచ్చిన రెండు రికార్డుల్లో ఒకటి మొదటి ముద్రణ, ఇంకోటి ఇరవై ఏళ్ల తర్వాతది కావచ్చు. తేడా తెలిసేది లేబుల్ చుట్టూ గాడులు అయిపోయాక మిగిలే నున్నటి వలయంలో. రికార్డును లైటు కింద కాస్త ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పితే, అక్కడ గీసిన అక్షరాలు, అంకెలు తేలతాయి. ఏ మాస్టర్ (అచ్చుకు మూలమైన ప్రతి) నుంచి అచ్చు వేశారో చెప్పేవి అవే. ఒక్కోసారి ఆ మాస్టర్ పలక మీద గాడులు కోసిన ఇంజినీర్ పొడి అక్షరాలు కూడా ఉంటాయి. ఇకమీదట అమ్మకానికి పెట్టే ప్రతి రికార్డుకూ ఆ వలయం ఫొటో ఉంటుంది. మీరే పోల్చుకోండి.

గ్రేడింగ్, అంటే రికార్డు ఏ స్థితిలో ఉందో అంచనా కట్టే విషయంలో మాత్రం నాకు పట్టింపు ఎక్కువ. ఆన్‌లైన్‌లో సగం తగువులు ఇక్కడే వస్తాయి. పైకి అద్దంలా మెరిసే రికార్డును కూడా అరిగిపోయిన ముల్లుతో ఏళ్ల తరబడి వాయించి ఉంటే, గట్టిగా పాడేచోట గరగరమంటుంది. అది కంటికి కనపడదు. మరోవైపు పైన గీతలున్నా వినడానికి శుభ్రంగా ఉండేవీ ఉంటాయి. అందుకని ఖరీదైనవన్నీ రెండు వైపులా పూర్తిగా విని గ్రేడ్ ఇస్తాం. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి చవకవాటికి ఆ పని చేయలేం. వాటి మీద "చూశాం, వినలేదు" అని రాసేస్తాం. తెచ్చుకున్నాక బాగోలేకపోతే వారంలో వెనక్కి ఇవ్వండి, డబ్బులిచ్చేస్తాం.

"మీ దగ్గర కొంటే ఆర్టిస్టుకు సాయం చేసినట్టే కదా" అని కొందరు ప్రేమగా అంటుంటారు. పాత రికార్డు కొంటే పాడినవాళ్లకు పైసా కూడా వెళ్లదు. ఆ డబ్బు మాకూ, దాన్ని మాకు అమ్మినవాళ్లకూ. స్ట్రీమింగ్‌లో వెళ్తుంది గానీ ఆ లెక్క వేరే. సాధారణంగా వసూలైనదంతా ఒకచోట చేర్చి, మొత్తం వినికిళ్లలో ఎవరి వాటా ఎంతో చూసి హక్కుదారులకు పంచుతారు. మీరు నెలంతా ఒక చిన్న బృందాన్నే విన్నా, మీ చందా అంతా వాళ్లకు చేరదు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటి వింటేనే లెక్క. 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటకు అదీ లేదు. నిజంగా సాయం చేయాలనుకుంటే, ఆర్టిస్టులే తమ పాటలు పెట్టి అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ లాంటి వెబ్‌సైట్‌లో నేరుగా కొనండి. డిజిటల్ అమ్మకంలో ఆ సంస్థ కమిషన్ 15 శాతం, వస్తువుల మీద 10 శాతం. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు ఆ కమిషన్ కూడా వదులుకుంటోంది. మా బేరం పోయినా ఇదే చెబుతాను.

మరి సీడీలెందుకు ఆపుతున్నాం? అమ్ముడుపోవడం లేదు కాబట్టి, అంతే. అమెరికాలో 2022లో 4.1 కోట్ల ఎల్పీలు, 3.3 కోట్ల సీడీలు అమ్ముడయ్యాయి. 1987 తర్వాత సంఖ్యలో సీడీని ఎల్పీ దాటడం అదే మొదటిసారి. మా అరల్లోనూ అదే తీరు. సీడీలో ధ్వని తక్కువరకమని మాత్రం అనుకోకండి. ఎల్పీలోనే అసలు ధ్వని ఉంటుందనే మాట మేం ఎప్పుడూ అనలేదు, అనం. అట్ట నచ్చి కొనేవాళ్లు కొంటారు, ప్లేయర్ లేనివాళ్లూ కొంటున్నారు, వాళ్లిష్టం. వినడానికే అయితే వాడిన సీడీకి మించిన చవక బేరం ఇవాళ లేదు. కొత్త ఎల్పీల ధర మాత్రం మా చేతిలో లేదు. పైగా అమ్ముడుపోనివి సరఫరాదారు వెనక్కి తీసుకోరు. ముందస్తు ఆర్డర్ మీదే అని అంటున్నది అందుకే.

వాడిన సీడీలు కొనడం కొనసాగిస్తాం, కానీ ఏరి తీసుకుంటాం. స్ట్రీమింగ్‌లో లేనివి, లేదా అక్కడ కొత్తగా రీమాస్టర్ చేసిన (పాత రికార్డింగ్ ధ్వనిని మళ్లీ సరిదిద్దిన) రూపమే దొరికేవి మాకు కావాలి. అలాంటివి మీరనుకునే దానికంటే ఎక్కువే ఉన్నాయి. డి లా సోల్ అనే అమెరికన్ హిప్‌హాప్ బృందం తొలి ఆల్బమ్‌లు వాటిలో వాడిన ఇతర పాటల ముక్కల హక్కులు తేలక 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకి రాలేదు. అంతవరకూ సీడీ దాచుకున్నవాళ్లే రాజులు.

పెండింగ్‌లో ఉన్న సీడీ ఆర్డర్లన్నీ ఇచ్చేస్తాం. మా దగ్గర జమ ఉన్నవాళ్లు ఆ మొత్తాన్ని రికార్డులకూ వాడుకోవచ్చు, గడువేమీ లేదు. పాత సీడీలు అమ్మాలనుకుంటే ముందుగా వాటి వెనక వైపు ఫొటోలు తీసి పంపండి. మాకు కావలసినవి చెబుతాం, అవే తీసుకురండి, అన్నీ మోసుకురావద్దు.